మూడు నిమిషాల ఎటాక్.. మూడు గంటల నిద్ర!

తెల్లవారుజాము 4:20. చోడవరం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర టీ బండి. 2024 జనవరి, సంక్రాంతి వెళ్లిన వారం. మంచు బాగా పడుతోంది. గోవాడ వైపు చెరుకు ట్రాక్టర్లు లైట్లేసుకుని మెల్లగా పోతున్నాయి. కంపెనీ బస్సు కోసం మేం ఏడెనిమిది మందిమి మఫ్లర్లు చుట్టుకుని నిలబడ్డాం. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. అందరి మొహాల మీదా ఫోన్ వెలుతురే. అందులో ఒకడు తలెత్తకుండానే అన్నాడు.

"మావా, నీ రెండో ఎటాక్ ఉండిపోనాదిరా."

అది నాకే. నేను పడుకున్నదే రెండున్నరకి. మూడు ముప్పావుకి అలారం. మధ్యలో ఉన్న ఆ గంటంబావు నిద్రలో కూడా కలలో గోడలు పగలగొడుతూనే ఉన్నాను.

నా సంగతి చెప్తాను. బీఎస్సీ కెమిస్ట్రీ. పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో ఉద్యోగం. వారానికో షిఫ్టు. ఎ షిఫ్టు పొద్దున్న ఆరింటికి, బి షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి, సి షిఫ్టు రాత్రి పదింటికి. పెళ్లయింది. మా మావయ్య కూతుర్నే చేసుకున్నాను, ఇప్పటికీ 'బావా' అనే పిలుస్తుంది. ఒక పాప. ఇవన్నీ రాకముందు, 2014లో డిగ్రీ ఆఖరేడులో ఉండగా నాకో క్లాన్ వచ్చింది. అది ఇంకా ఉంది.

'క్లాష్ ఆఫ్ క్లాన్స్' అంటే తెలియని వాళ్లు మీలో తక్కువే ఉంటారు. ఫిన్లాండ్‌కి చెందిన సూపర్‌సెల్ కంపెనీ 2012లో ఐఫోన్లకి, 2013లో ఆండ్రాయిడ్‌కి తెచ్చిన ఆట. మన ఊరు మనం కట్టుకోవాలి, పక్కోడి ఊరు కొట్టాలి. 2014లో క్లాన్ వార్స్ వచ్చాయి. అక్కడితో అది ఒంటరి ఆట కాకుండా పోయింది. నేను ఎటాక్ వెయ్యకపోతే నష్టం నాకు కాదు, మొత్తం క్లాన్‌కి. కష్టమంతా అక్కడే మొదలవుతుంది.

మూడు నిమిషాలే కదా!

వార్‌లో ఒక ఎటాక్‌కి ఇచ్చే టైమ్ మూడు నిమిషాలు. మనిషికి రెండు ఎటాక్‌లు. అంటే ఆరు నిమిషాలు. ఇంట్లో వాళ్లకి నేను ఎన్నేళ్లుగానో చెప్పిన లెక్క ఇదే. "ఐదు నిమిషాలు ఆగవే, ఎటాక్ ఒకటుంది."

లెక్క అబద్ధం కాదు. నిజమూ కాదు. ఎటాక్‌కి ముందు అవతలోడి బేస్ చూడాలి. ట్రాప్‌లు ఎక్కడుంటాయో అంచనా వెయ్యాలి. ఇలాంటి బేస్‌ని ఎవడైనా కొట్టాడేమో యూట్యూబ్‌లో వెతకాలి. అక్కడ ఒక వీడియో నాలుగు వీడియోలవుతుంది. తర్వాత క్లాన్ చాట్‌లో 'ట్రూప్స్ ఎవడైనా ఇవ్వండ్రా' అని అడుక్కోవాలి. ఇచ్చేవాడు వచ్చేదాకా కూర్చోవాలి. మొదటి ఎటాక్ అయ్యాక, ఆ రోజుల్లో, మళ్లీ సైన్యం తయారవడానికి అరగంట అటూ ఇటూ పట్టేది. నా నిద్రని తినేసింది ఆ అరగంటే. 'ఎలాగూ మెలకువగానే ఉన్నాను కదా, అదొక్కటీ వేసేసి పడుకుందాం' అనుకుంటాం చూడండి, అక్కడ.

ఇక వార్ ఒక్కటే అయితే పర్లేదు. నెల మొదట్లో లీగ్ వస్తుంది. ఎనిమిది క్లాన్‌లు, ఏడు వార్‌లు, రోజుకో ఎటాక్ తప్పదు. నెలాఖరు వైపు క్లాన్ గేమ్స్. శుక్రవారం నుంచి సోమవారం దాకా రెయిడ్ వీకెండ్. నెలనెలా గోల్డ్ పాస్. అన్నిటికీ గడియారాలు కిందికి తిరుగుతుంటాయి. మా ఊళ్లో కరెంటు బిల్లుకి కూడా అంత గట్టి గడువు ఉండదు.

అయితే ఒక మాట. మా ఆట కాస్త నయం. ఎటాక్ 24 గంటల్లో ఎప్పుడైనా వెయ్యొచ్చు. బీజీఎంఐ ఆడేవాళ్ల సంగతి వేరు. క్లాసిక్ మ్యాచ్ మొదలుపెడితే చివరిదాకా నిలబడ్డానికి దాదాపు అరగంట. మధ్యలో ఆపడానికి లేదు. పప్పు మాడినా, గ్యాస్ బండవాడు వచ్చినా, 'స్క్వాడ్‌లో ముగ్గురున్నారు, వదిలెయ్యలేను' అంటారు. అందులో న్యాయం కూడా ఉంది మరి. 2022 జులైలో ఆగిపోయిన బీజీఎంఐ 2023 మేలో తిరిగొచ్చినప్పుడు 18 ఏళ్ల లోపు వాళ్లకి రోజుకి మూడు గంటలు, పెద్దవాళ్లకి ఆరు గంటలు అని హద్దు పెట్టారు. పెద్దవాళ్లకి ఆరు గంటలట! షిఫ్టు, బస్సు, నిద్ర తీసేస్తే నా రోజులో మిగిలేదే ఆరు గంటలు. దాంట్లోనే స్నానం, భోజనం, కూరగాయలు, పాప.

పాపకి తగ్గిందా?

ఆ జనవరి రోజుకి వద్దాం. బస్సు సబ్బవరం మీదుగా వెళ్తుంది. భీమిలి-నర్సీపట్నం రోడ్డు గురించి ఈ వైపు వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. ఆ గోతుల్లో కునుకు తియ్యడం అయ్యే పని కాదు. ఒకసారి ఆ బస్సులోనే ఎటాక్ వేశాను కూడా. ఒక్క కుదుపుకి సైన్యమంతా తప్పు మూల దిగిపోయింది. క్లాన్ చాట్‌లో 'రోడ్డు బాలేదు' అని రాస్తే ఎవడూ నవ్వకుండా ఒప్పుకున్నారు.

ప్లాంట్‌లోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. మండే సాల్వెంట్లుంటాయి కదా, లాకర్‌లో పెట్టి వెళ్లాలి. ఆరు నుంచి రెండు దాకా నాకూ ఆటకీ సంబంధం లేదు. ఆ రోజు నా పని ఒక రియాక్టర్ దగ్గర. అరగంటకోసారి టెంపరేచర్ చూసి షీట్‌లో రాయాలి. తొమ్మిదిన్నరది రాశాను. తర్వాత నాకు గుర్తున్నది భుజం మీద చెయ్యి. చూస్తే పదిన్నర దాటింది. రెండు రీడింగ్‌లు ఖాళీ.

ఏమీ కాలేదు. టెంపరేచర్ హద్దులోనే ఉంది. బ్యాచ్ పోలేదు. కానీ ఏమీ కాలేదన్న మాట ఎంత తేలిక మాటో, పరవాడ, అచ్యుతాపురం చుట్టుపక్కల పనిచేసే వాళ్లకి తెలుసు.

షిఫ్ట్ ఇన్‌ఛార్జి తిట్టలేదు. తిట్టినా బాగుండేది. నా మొహం చూసి, "ఏటయ్యా, రాత్రి నిద్ర లేదా? పాపకేమైనా ఒంట్లో బాగోలేదా?" అన్నాడు.

"అవును సార్, జ్వరం" అన్నాను.

నోట్లోంచి వచ్చేసింది. ఆయన మెమో కూడా రాయలేదు. నన్ను ఆ పని మీద నుంచి తప్పించి వేరే పని చెప్పాడు. మధ్యాహ్నం వెళ్తుంటే మళ్లీ పిలిచి, "డాక్టర్‌కి చూపించు, అశ్రద్ధ చెయ్యకు" అన్నాడు. బస్సెక్కి ఫోన్ ఆన్ చేస్తే క్లాన్ చాట్‌లో నా పేరు మీద 14 మెసేజ్‌లు. వార్ ఒక స్టార్ తేడాతో పోయింది. నా రెండో ఎటాక్ పడలేదు.

అబద్ధం అక్కడితో ఆగిపోతే ఈ వ్యాసం ఉండేది కాదు. తర్వాతి బుధవారం మా ఆవిడ పాపని తీసుకుని స్వయంభూ వినాయకుడి గుడికి వెళ్లింది. అక్కడ మా కంపెనీలో చేసే ఒకాయన భార్య కనబడి, "పాపకి తగ్గిందా అమ్మా? జ్వరమట కదా, మీ ఆయనకి నిద్రే లేదట" అని అడిగింది. మా ఆవిడ తెలివైంది. "తగ్గిందండీ" అని వచ్చేసింది.

నేను బి షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి పదకొండున్నర. అన్నం పెట్టింది. తిన్నాక నా ఫోన్ అడిగి తీసుకుంది. సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిచి నా ముందు పెట్టింది. అలాంటిదొకటి నా ఫోన్‌లో ఉందని నాకే తెలీదు. ఆ రోజు లెక్క, ఆట ఒక్కటే 3 గంటల 10 నిమిషాలు. షిఫ్టుకి ముందూ, బస్సులో వెళ్లేటప్పుడూ, వచ్చేటప్పుడూ.

"ఆట మానీమనట్లేదు బావా" అంది. "పాపకి మాత్రం జొరం రప్పించకు."

అంతే. వెళ్లి పడుకుంది.

అన్‌ఇన్‌స్టాల్ ఎందుకు చెయ్యలేదంటే

'తీసి పారెయ్యొచ్చు కదా' అని మీరు అనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఐకాన్ మీద వేలు పెట్టి నొక్కి పట్టుకున్నాను కూడా.

మా క్లాన్‌లో సగం పైగా చోడవరం, చుట్టుపక్కల ఊళ్ల వాళ్లం. ఒకడు ఆర్టీసీ కండక్టర్. ఒకడు సచివాలయం ఉద్యోగి. ఇద్దరికి చెరుకు తోటలు. ఒకడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, ఇద్దరు డిగ్రీ కుర్రాళ్లు. లీడర్ అన్నకి ఎలక్ట్రికల్ షాపు. ఒకడు కువైట్‌లో డ్రైవర్. పెళ్లిళ్లలో తప్ప ఎదురుపడం. రోజూ మాట్లాడుకునేది మాత్రం ఆ చాట్‌లోనే. 2020 లాక్‌డౌన్‌లో అయితే మా రచ్చబండ అదే.

కువైట్ వాడి వాళ్లమ్మ ఇక్కడ ఒక్కతే ఉంటుంది. ఒక రాత్రి ఆవిడ బాత్రూమ్‌లో జారిపడింది. పక్కింటివాళ్లు వాడికి ఫోన్ చేశారు. వాడు ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలీక క్లాన్ చాట్‌లో పెట్టాడు. రాత్రి పన్నెండింబావు. అప్పుడు మెలకువగా ఉన్నది ఎవరు? వార్‌లో ఉన్న మేమే. పది నిమిషాల్లో ఇద్దరు ఆటో తీసుకుని వాళ్లింటి దగ్గరున్నారు. తుంటి ఎముక విరిగింది. అనకాపల్లి తీసుకెళ్లారు. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. మమ్మల్ని చూస్తే 'ఆటగాళ్లొచ్చార్రా' అంటుంది.

రాత్రిళ్లు మేలుకోవడం మంచిదని నేను అనట్లేదు. దీన్ని వాదనగా వాడుకోవడం కూడా మోసమే, ఎందుకంటే అలాంటి రాత్రి పదేళ్లలో ఒక్కటే వచ్చింది. మిగతా రాత్రులు ఊరికే మేలుకున్నాం. కానీ ఆ చాట్‌ని ఒక వేలితో తీసెయ్యడం నావల్ల కాలేదు.

మొదట చెయ్యగలిగింది చేశాను. ఫోన్‌లోనే యాప్ టైమర్ ఉంటుంది. రోజుకి 45 నిమిషాలు పెట్టాను. టైమైపోతే ఐకాన్ బూడిద రంగులోకి మారి తెరుచుకోదు. బాగానే ఉంది. నాలుగో రోజు వార్ ఆఖరి గంటలో నేనే సెట్టింగ్స్‌లోకి వెళ్లి గంటన్నర చేశాను. తాళం మనమే వేసి చెవి జేబులో పెట్టుకుంటే ఇంతే.

చాట్‌లో పడ్డ గొడవ

ఫిబ్రవరి లీగ్‌కి ముందు చాట్‌లో రాశాను. రీడింగ్‌ల సంగతీ, పాప జ్వరం సంగతీ, దాచకుండా. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కండక్టర్ రాశాడు. రాత్రి ఆడి పొద్దున్న డ్యూటీకెళ్లి, ఒకావిడకి చిల్లర రెండుసార్లు ఇచ్చేశాడట. చెరుకు తోట ఉన్నవాడు రాశాడు. బెల్లం వండే రోజుల్లో పొయ్యి దగ్గర కూర్చుని ఫోన్ చూస్తూ పాకం ముదరనిచ్చేశాడట, ఆ బెల్లానికి అనకాపల్లి మార్కెట్లో రేటు రాలేదట. అందరిదీ ఒకటే కథ. ఎవడికి వాడే తన ఒక్కడిదే అనుకున్నాడు.

ఒప్పుకోనిది ఇద్దరు. లీడర్ అన్న, ఒక డిగ్రీ కుర్రాడు. కుర్రాడు సూటిగానే అన్నాడు. "ఆడలేనోళ్లు వార్‌లోకి రాకండి అన్నా. నేను రెండు ఎటాక్‌లూ టైమ్‌కి వేస్తన్నాను. మీవల్ల నేను ఓడిపోతన్నాను." వాడికి పంతొమ్మిదేళ్లు. వాడన్నది తప్పని నేను ఇప్పటికీ అనలేను. వాడికి టైమ్ ఉంది, మాకు లేదు. ఒకే టీమ్‌లో అది ఎలా సమానం అవుతుంది?

ఇది మా చోడవరం గొడవే కాదు. 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అని 2004లో వచ్చిన పెద్ద కంప్యూటర్ ఆట ఉంది. అందులో పెద్ద రెయిడ్‌లకి 40 మంది ఒకేసారి ఆన్‌లైన్‌లో ఉండాల్సి వచ్చేది. నలభై మంది ఉద్యోగస్తుల్ని ఒక రాత్రి ఒకచోట కూర్చోబెట్టడం పెళ్లి చెయ్యడంతో సమానం. 2007లో ఆ సంఖ్యని 25కి తగ్గించారు, పది మందితో ఆడేవీ పెట్టారు.

మేమూ అదే చేశాం. 15 మంది వార్‌ని పదికి దించాం. వార్ వెతికే టైమ్ మార్చాం. ఇది మీ క్లాన్‌కి పనికొస్తుందేమో చూడండి. వార్ దొరికాక ప్రిపరేషన్‌కి 23 గంటలు, ఆ తర్వాత యుద్ధానికి 24 గంటలు. మేం లీడర్ అన్న షాపు కట్టేశాక, ఏ రాత్రి పడితే ఆ రాత్రి వార్ వెతికేవాళ్లం. ఇప్పుడు శుక్రవారం రాత్రి పదింటికి మాత్రమే. అంటే యుద్ధం శనివారం రాత్రి తొమ్మిదికి మొదలై ఆదివారం రాత్రి తొమ్మిదికి అయిపోతుంది. ఆదివారం పగలంతా చేతిలో ఉంటుంది. సోమవారం ఎ షిఫ్టు ఉన్నవాడు తొమ్మిదిన్నరకి పడుకోవచ్చు. వారం మధ్యలో వార్ లేదు.

రెండోది, ప్రొఫైల్‌లో వార్‌కి వస్తానా రానా అని పెట్టుకునే బటన్ ఉంటుంది కదా. ఎర్రగా పెట్టినవాణ్ని 'ఎందుకు' అని అడక్కూడదు. ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ మాకు అన్నిటికంటే ఉపయోగపడింది ఇదే. అంతకుముందు రాలేను అంటే కారణం చెప్పాలి. కారణం చెప్పాలంటే అబద్ధం పుడుతుంది. అది నాకు బాగా తెలుసు.

లీగ్‌కి ఎక్కువ మందిని చేర్చి, ఏ రోజు ఏ 15 మంది అనేది లీడర్ మార్చుకోవచ్చు. దానికి లీడర్ అన్న షాపులో వేలాడే క్యాలెండర్ మీద మా షిఫ్టులు రాయడం మొదలుపెట్టాడు. సి షిఫ్టు వాళ్లకి ఎర్ర ఇంకు. ఫ్యాన్ కొనడానికి వచ్చినవాళ్లు అది చూసి ఏదో చీటీల లెక్క అనుకుంటారట.

నష్టం లేకుండా ఏదీ అవ్వలేదు. మాస్టర్ లీగ్ నుంచి క్రిస్టల్‌కి పడిపోయాం. ఆ డిగ్రీ కుర్రాడు వెళ్లిపోయాడు. వేరే రాష్ట్రం వాళ్ల క్లాన్‌లో ఉన్నాడిప్పుడు, పెద్ద ర్యాంకు. వెళ్తూ 'ఉంటాను అన్నా' అని ఒక్క ముక్క రాశాడు. నాకు చాలా బాధేసింది.

ఎన్ని గంటలైతే రోగం?

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి, 2022 జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన రోగాల జాబితాలో 'గేమింగ్ డిజార్డర్' ఉంది. అందులో గంటల లెక్క లేదు. ఆటని అదుపు చేసుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికంటే ఆటే ముందుండటం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం.. ఇవి మామూలుగా ఓ ఏడాది పాటు కనిపిస్తేనే ఆ పేరు పెడతారు. అంటే ఆదివారం ఐదు గంటలు ఆడినవాడు రోగి కాకపోవచ్చు, రోజూ గంటే ఆడి ఉద్యోగం పోగొట్టుకుంటున్నవాడికి సాయం అవసరం కావచ్చు. నాకు రెండు లక్షణాలు అరకొరగా ఉన్నాయి, మూడోది గుడి దగ్గర బయటపడింది. మీకు మూడూ తగులుతున్నాయనిపిస్తే బెంగళూరు నిమ్హాన్స్‌లో 2014 నుంచే దీనికోసం 'షట్' క్లినిక్ నడుస్తోంది. అంతదూరం వెళ్లనక్కర్లేకుండా టెలీ మానస్ నంబర్ 14416కి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక్కడ నేను చెప్పేది డబ్బు పెట్టి ఆడే ఆటల సంగతి కాదు. వాటిని మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు, 2025 ఆగస్టులో కేంద్రం కూడా చట్టం చేసింది. మాలాంటి ఆటలో పోయేది డబ్బు కాదు కాబట్టి ఎవరూ అడ్డురారు. పోయేది నిద్ర. దానికి రసీదు ఉండదు.

2025 మార్చిలో ఒక తమాషా జరిగింది. సైన్యం తయారీకి పట్టే టైమ్‌ని ఆటవాళ్లే మొత్తం తీసేశారు. నా నిద్ర తినేసిన ఆ అరగంట మాయం! క్లాన్ అంతా సంబరం. వారం తిరక్కుండానే కండక్టర్ ఒక మాట రాశాడు. "ఇదివరకు సైన్యం లేదని ఫోన్ పక్కన పెట్టీవోణ్ని. ఇప్పుడు ఎప్పుడు పెట్టాలో తెలట్లేదు." నిజమే. ఎదురుచూపు మా నిద్ర పాడుచేసింది, అదే మమ్మల్ని అప్పుడప్పుడూ ఆపింది కూడా. ఇప్పుడు వరసపెట్టి వేస్తూనే ఉండొచ్చు. నేనైతే గోడ గడియారం చూసుకుంటున్నాను. ఫోన్‌లో గడియారం కాదు, దాన్ని చూడాలంటే ఫోన్ చూడాలి.

ఇన్‌ఛార్జికి నిజం చెప్పాను. ఎప్పుడో కాదు, ఆ ఫిబ్రవరిలోనే, క్యాంటీన్‌లో. ఆయన ఇడ్లీ తింటూ వింటున్నాడు. కోప్పడతాడని సిద్ధపడ్డాను. చెయ్యి కడుక్కుని వచ్చి, "మా వోడు ఇంటర్. వాడూ ఏదో ఆడతన్నాడయ్యా రాత్రిళ్లు. తలుపేసుకుంటాడు. ఏటాడతన్నాడో నాకు తెలీదు. నువ్వొకసారి మాట్లాడతావేటి?" అన్నాడు. ఆ తర్వాత ఏడాది పాటు నన్ను రియాక్టర్ దగ్గర ఒక్కణ్నీ పెట్టలేదు. అది కూడా చెప్పాలి.

కుర్రాడితో మాట్లాడాను. బీజీఎంఐ. నాకంటే బాగా ఆడతాడు. తలుపు ఇంకా వేసుకుంటూనే ఉన్నాడట, కాకపోతే పదకొండింటికి తీస్తున్నాడట.

పోయిన ఆదివారం రాత్రి 8:35. వార్ ఇంకో పాతిక నిమిషాల్లో అయిపోతుంది. నా రెండో ఎటాక్ మిగిలుంది. పాప నా కుడిచేతి మీద తల పెట్టుకుని పడుకుంది. లాగితే లేస్తుంది. ఎడమచేత్తో వేశాను. గోడకి అవతల పడాల్సిన వాళ్లు ఇవతల పడ్డారు. డెబ్బై ఒక్క శాతం, రెండు స్టార్లు. చాట్‌లో లీడర్ అన్న 'ఏట్రా ఈ ఎటాకు?' అని పెట్టాడు.

'పాప పడుకుంది' అని రాశాను.

మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి నా భుజం మీదుగా ఆ మెసేజ్ చదివింది. పాప వైపు చూసింది. నిజంగానే పడుకుంది. లైటు ఆర్పేసి వెళ్లింది.